క్లినికల్ సైకాలజిస్టు శిక్షణ: డిగ్రీ పేరు మారుతోంది, ఇరుకు మాత్రం ఆసుపత్రి వార్డు దగ్గరే

క్లుప్తంగా

క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావడానికి ఇన్నేళ్లూ ప్రధాన మార్గంగా ఉన్న రెండేళ్ల ఎంఫిల్ ముగింపు దశకు చేరింది. దాని స్థానంలోకి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రూపొందించిన కొత్త కోర్సులు వస్తున్నాయి. మామూలు ఎంఏ, ఎంఎస్సీ పట్టా మీద ‘క్లినికల్’ అన్న మాట ఉన్నంత మాత్రాన నమోదు దొరకదు. సీట్లు తక్కువగా ఉండటానికి అసలు కారణం రోగుల మధ్య శిక్షణార్థిని పర్యవేక్షించగల నమోదిత నిపుణులు తక్కువగా ఉండటమే. ఉత్తర తెలంగాణలో కొత్త వైద్య కళాశాలలు వచ్చినా ఈ ముడి ఇంకా విడిపోలేదు.

పట్టా ఒకటి, నమోదు మరొకటి

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో డిగ్రీలో సైకాలజీ చదివి, పీజీ కూడా పూర్తిచేసిన విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు పేర్లతోనే వస్తుంది. క్లినికల్ సైకాలజీలో ఎంఎస్సీ అని ప్రకటించుకునే విశ్వవిద్యాలయాలు దేశంలో చాలా ఉన్నాయి. ఆ పట్టా చేతికి వచ్చాక సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చని, బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవచ్చని తల్లిదండ్రులూ విద్యార్థులూ అనుకోవడం సహజం. చట్టం మాత్రం పట్టా పేరును కాదు, ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందా లేదా అన్నదాన్నే చూస్తుంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టును రెండు విధాలుగా నిర్వచించింది. ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీలో గుర్తింపు పొందిన అర్హత ఉన్నవారు మొదటి కోవ. సైకాలజీలో పీజీ చేసి, ఆపైన పర్యవేక్షణలో జరిగే ఆసుపత్రి శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్‌ను, క్లినికల్ సైకాలజీలోగానీ మెడికల్ అండ్ సోషల్ సైకాలజీలోగానీ, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ), ఆర్‌సీఐ రెండింటి గుర్తింపుతో పూర్తిచేసినవారు రెండో కోవ. ఏ దారిన వచ్చినా ఆర్‌సీఐ ఆమోదం తప్పనిసరి. ఆ అర్హత ఉన్నవారి పేరు కేంద్ర పునరావాస రిజిస్టరులో ఎక్కుతుంది. ఆర్‌సీఐ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో పేరు లేకుండా పునరావాస నిపుణుడిగా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1992లో రాసిన ఆ వెయ్యి రూపాయల జరిమానా ఈ రోజుల్లో ఎవరినీ భయపెట్టదన్నది వేరే సంగతి.

చుట్టుపక్కల వృత్తులతో పోల్చి చూస్తే హద్దులు తేటపడతాయి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసిన వైద్యుడు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు; మానసిక పరీక్షలు చేయడం, రోగ నిర్ధారణకు తోడ్పడటం, సైకోథెరపీ, అంటే మాటల ద్వారా చేసే చికిత్స, ఇవ్వడం వారి పని. రిహాబిలిటేషన్ సైకాలజిస్టు కూడా ఆర్‌సీఐ రిజిస్టరులోనే ఉంటారుగానీ అది వేరే విభాగం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ, ఇప్పుడు నీపిడ్ అంటున్నది, ఆ కోవ శిక్షణకు పేరుపడింది. ఇక కౌన్సెలర్ అన్న పేరుకు ఇంతటి గట్టి కంచె ఇప్పటిదాకా లేదు. అందుకే నెలల వ్యవధి సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ, రెండేళ్లు వార్డులో పనిచేసినవారూ ఒకే వీధిలో ఒకే రకం బోర్డుల కింద కనిపిస్తుంటారు.

వికలాంగుల శాఖ కిందికి ఎలా వచ్చింది

మనసుకు సంబంధించిన వైద్యం ఆరోగ్య శాఖ కింద కాకుండా పునరావాస మండలి కింద ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. దేశంలో ఈ శిక్షణ 1955లో బెంగళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో డిప్లొమాగా మొదలైంది. ఆ సంస్థే 1974లో నిమ్‌హాన్స్‌గా మారింది. 1962లో రాంచీలో రెండో కేంద్రం వచ్చింది. తర్వాతి కాలంలో ఆ డిప్లొమా ఎంఫిల్ అయింది. వైద్యులకు వైద్య మండలి, నర్సులకు నర్సింగ్ మండలి ఉన్నాయిగానీ సైకాలజిస్టులకు ఏ మండలీ ఉండేది కాదు. వైకల్యాల రంగంలో పనిచేసే నిపుణులను క్రమబద్ధం చేయడానికి 1992లో ఆర్‌సీఐ చట్టం తెచ్చినప్పుడు, బుద్ధిమాంద్యాన్ని అంచనా వేసేవారిగా క్లినికల్ సైకాలజిస్టులు కూడా ఆ జాబితాలో చేరారు. ఖాళీగా ఉన్న చోట దొరికిన గొడుగు అది.

ఆ ఏర్పాటు ఫలితంగా ఒకే వృత్తి మూడు మంత్రిత్వ శాఖల మధ్య నిలబడింది. కోర్సుకు ఆమోదం, రిజిస్టరు సామాజిక న్యాయ శాఖ పరిధిలోని ఆర్‌సీఐ చేతిలో ఉన్నాయి. డిగ్రీ ఇచ్చే అధికారం విద్యా శాఖ పరిధిలోని యూజీసీ నియమాలకు లోబడి ఉంది. పనిచేసే చోటు, అంటే ఆసుపత్రి, ఆరోగ్య శాఖది. 2017 చట్టం కింద రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర కూడా క్లినికల్ సైకాలజిస్టులు నమోదు కావాలి. రోగిని అతని సమ్మతి లేకుండా ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తే ఒక సైకియాట్రిస్టుతో పాటు మరో మానసిక ఆరోగ్య నిపుణుడో వైద్యుడో విడిగా పరీక్షించాలని ఆ చట్టం చెబుతుంది. ఆ రెండో సంతకం నమోదైన క్లినికల్ సైకాలజిస్టుది కావచ్చు. అంతటి బాధ్యత ఉన్న వృత్తికి ఒక శాఖ నిర్ణయం మరో శాఖ పనిని తలకిందులు చేసే పరిస్థితి ఉందన్నది ఎంఫిల్ విషయంలో స్పష్టంగా బయటపడింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఇతర సైకాలజిస్టులను తన కిందికి తెచ్చుకుంటూ, ఆర్‌సీఐ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మాత్రం పక్కన ఉంచింది. కాబట్టి గొడుగులు ఇప్పుడు ఇంకొకటి పెరిగాయి.

ఎంఫిల్ ఎందుకు పోతోంది

మిగతా సబ్జెక్టుల్లో ఎంఫిల్ అంటే పీహెచ్‌డీకి ముందు మెట్టు. పరిశోధన పద్ధతులు నేర్చుకుని, చిన్న సిద్ధాంత వ్యాసం రాసి, తర్వాత పీహెచ్‌డీలో చేరడానికి పనికొచ్చే ఏడాదీ రెండేళ్ల చదువు. 2020 జాతీయ విద్యా విధానం ఆ మెట్టు అనవసరమని తేల్చింది. ఆ ప్రకారమే యూజీసీ 2022 నవంబరులో కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెస్తూ ఎంఫిల్‌ను తొలగించింది. 2023 డిసెంబరులో, ఎంఫిల్‌లో ఇక ప్రవేశాలు చేపట్టవద్దని విశ్వవిద్యాలయాలకు మరోసారి గట్టిగా చెప్పింది.

చరిత్రకో అర్థశాస్త్రానికో ఆ ఆదేశంతో పెద్ద నష్టమేమీ లేదు. క్లినికల్ సైకాలజీలో మాత్రం ఎంఫిల్ అనే పేరు కింద నడిచింది వృత్తి శిక్షణ. సర్జన్‌కు ఎంఎస్ ఎలాంటిదో ఇది అలాంటిది. పేరు కలవడం వల్లే ఒకే వేటు రెండింటి మీదా పడింది. ఆసుపత్రులకు మనుషులు దొరకరన్న ఆందోళన వ్యక్తమయ్యాక యూజీసీ 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు 2025–26 విద్యా సంవత్సరం వరకు సడలింపు ఇచ్చింది. ఆ గడువులోపు చేరి చదివినవారి పట్టాకు విలువ ఉంటుంది, రిజిస్టరులో ఉన్నవారి హోదాకూ ఢోకా లేదు. కంగారు పడుతున్నది ఇప్పుడు డిగ్రీ రెండు, మూడో సంవత్సరాల్లో ఉన్నవారే.

ప్రత్యామ్నాయంగా ఆర్‌సీఐ ఒకటికి నాలుగు మార్గాలను ముందుకు తెచ్చింది. డిగ్రీ స్థాయిలో క్లినికల్ సైకాలజీ ఆనర్స్, పీజీ స్థాయిలో ఆసుపత్రి శిక్షణను లోపలే కలుపుకొన్న రెండేళ్ల ఎంఏ, ఆపైన సైడీ అనే వృత్తిపరమైన డాక్టరేటు ఉన్నాయి. వీటికి తోడు, మామూలు సైకాలజీ పీజీ చేసినవారి కోసం ఏడాది ప్రొఫెషనల్ డిప్లొమా ముందు నుంచీ నడుస్తోంది. ఆ డిప్లొమా చేసినవారు అసోసియేట్‌గా నమోదవుతారు, అర్హులైనవారి పర్యవేక్షణలో పనిచేయాల్సి ఉంటుంది.

పాత పద్ధతిలో మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ, రెండేళ్ల ఎంఫిల్ కలిపి ఏడేళ్లు పట్టేది. కొత్త వరుసలో కొన్ని దారులు ఆ కాలాన్ని తగ్గిస్తాయి. ఫీజుల భారం దృష్ట్యా అది మేలే. ఎంఏ పాఠాలనూ వార్డు పనినీ ఒకే రెండేళ్లలో ఇమిడిస్తే దేనికి ఎంత సమయం మిగులుతుందన్న ప్రశ్న మాత్రం మొదటి రెండు మూడు బ్యాచ్‌లు బయటికొచ్చి ఆసుపత్రుల్లో పనిచేశాకే తేలుతుంది.

ఆ రెండేళ్లలో జరిగేదేమిటి

ఎంఫిల్ పాఠ్యప్రణాళికను కాగితం మీద చూస్తే మొదటి ఏడాది మానసిక రుగ్మతల సామాజిక మూలాలు, గణాంకాలు, పరిశోధన పద్ధతులు, సైకియాట్రీ. రెండో ఏడాది మెదడు పనితీరు, సైకోథెరపీ, బిహేవియరల్ మెడిసిన్, ఒక పరిశోధన వ్యాసం ఉంటాయి. ఇవన్నీ పుస్తకాలు చదివి రాయగలిగిన పేపర్లే. అసలు చదువు ఓపీలో, వార్డులో, సాయంత్రం కేసు చర్చలో జరుగుతుంది.

ఉత్తర తెలంగాణ ఆసుపత్రులకు బాగా తెలిసిన రకం కేసును ఉదాహరణగా తీసుకోవచ్చు. కామారెడ్డి వైపు నుంచి నలభై ఏళ్ల మనిషిని భార్య, బావమరిది తీసుకొచ్చారనుకుందాం. చేతులు వణుకుతున్నాయి, రెండు రాత్రులుగా కన్ను మూయలేదు, గోడ మీద ఏవో పాకుతున్నాయంటున్నాడు, ఎవరో పిలిచినట్టు తలుపు వైపు చూస్తున్నాడు. పుస్తకం నిన్ననే చదివిన శిక్షణార్థి లేనివి వినపడుతున్నాయి, కనపడుతున్నాయి కాబట్టి స్కిజోఫ్రీనియా కావచ్చని రాసుకొస్తాడు. పర్యవేక్షకుడు ముందు అడిగేది తేదీలు. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు? అంతకు ముందు వారం ఎలా ఉన్నాడు? ఊళ్లో కల్లు దుకాణం నడుస్తోందా? అప్పుడు భార్య చెబుతుంది, ఎక్సైజువాళ్లు దాడి చేసి దుకాణం మూసేసి మూడు రోజులైందని. ఈ ప్రాంతంలో కల్లులో డైజీపామ్, ఆల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలపడం కొత్త కాదు. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం కట్టుదిట్టం చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి ఇవే లక్షణాలతో జనం గుంపులుగా ఆసుపత్రులకు వచ్చారు. మత్తు మందు ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయం కూడా. కాబట్టి ఆ క్షణాన కావలసింది సైకియాట్రిస్టు, మందులు, పడక.

సైకాలజిస్టు పని ఆ తర్వాత మొదలవుతుంది. మనిషి తేరుకుని తేదీ, వారం సరిగా చెప్పగలిగే స్థితికి వచ్చాక జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేస్తారు. కల్లుకు ముందే భయమో దిగులో ఉండేదా, దానికి మందుగానే తాగడం మొదలైందా అన్నది నెమ్మదిగా రాబడతారు. ఏ పూట, ఎవరితో కలిసి, పని నుంచి వచ్చే ఏ దారిలో కాళ్లు దుకాణం వైపు తిరుగుతాయో ఒక పట్టిక వేస్తారు. మానెయ్ అని చెప్పడానికి కోర్సు అక్కర్లేదు, ఇంట్లోవాళ్లు ఆ పని ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు. మానాలన్న కోరికను అతని నోటి నుంచే రప్పించే సంభాషణ మాత్రం సాధన చేస్తేగానీ రాదు. ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ మౌనంగా ఉండాల్సింది ఉపదేశం చేశారో పక్కన ఎవరైనా కూర్చుని చెప్పాలి. సంపూర్ణంగా రాసిన థెరపీ రికార్డులు సమర్పించాలన్న నియమం ఇందుకోసమే. ఏం జరిగిందో మాట మాటా రాసి తెస్తే తప్ప పర్యవేక్షకుడికి దిద్దడానికి ఏమీ ఉండదు.

మరో చోటు వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరం. పదేళ్ల అబ్బాయికి బుద్ధిమాంద్యం ఎంత ఉందో తేల్చాలి. వైన్‌లాండ్ సామాజిక పరిపక్వత మాపనిలో తల్లిని వరుసగా ప్రశ్నలడుగుతారు: తనంతట తాను అన్నం తింటాడా, గుండీలు పెట్టుకుంటాడా, దుకాణానికి పోయి సరుకు తేగలడా. వచ్చిన సామాజిక వయసును అసలు వయసుతో భాగించి వందతో హెచ్చిస్తే అంకె వస్తుంది. సామాజిక వయసు 6.8 ఏళ్లని తేలితే 68, 7.1 అని తేలితే 71. 2018 మార్గదర్శకాల ప్రకారం 55 నుంచి 69 వరకు స్వల్ప స్థాయి, దానికి 50 శాతం వైకల్యం. 70 నుంచి 84 వరకు సరిహద్దు స్థాయి, దానికి 25 శాతం. పింఛనుకు, ఇతర సదుపాయాలకు 40 శాతం గీత. ఒకటి రెండు ప్రశ్నలకు తల్లి ఇచ్చిన జవాబు మీద ఒక కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను ఆధారపడుతుందన్నమాట. పింఛను కోసం తక్కువ చేసి చెప్పే తల్లి ఉంటుంది. బిడ్డను తక్కువ చేయడం ఇష్టంలేక ఎక్కువ చేసి చెప్పే తల్లీ ఉంటుంది. అన్నీ నేనే చేస్తానండీ అన్నమాట చేతకానితనానికి గుర్తో, గారాబానికి గుర్తో వేరుచేసి చూడటం ప్రశ్నపత్రంలో ఉండదు. శిక్షణార్థి అబ్బాయి ముందు పెన్ను, చొక్కా, చెప్పులు పెట్టి తానే చూడాలి. బినే–కామత్ తెలివితేటల పరీక్షో, రంగు దిమ్మెలతో చేసే పనులో ఇచ్చి ఆ అంకెతో సరిపోల్చాలి. బిడ్డకు తెలివి తక్కువై కాక, వినికిడి లోపం వల్లో, బడికే పోకపోవడం వల్లో జవాబు రాలేదేమో చూడాలి. ఇవి పది కేసులు చేస్తే రావు.

సీట్లు ఎందుకు పెరగవు

తరగతి గదికి ఇంకో వరుస బెంచీలు వేస్తే ఎంబీఏ సీట్లు పెంచుకోవచ్చు. ఇక్కడ ఒక శిక్షణార్థి పెరిగితే అతనికి చూపడానికి రోగులు, అతని రికార్డులు దిద్దడానికి అధ్యాపకుడి గంటలు, పరీక్షల కిట్లు, ఓపీలో ఏకాంతంగా మాట్లాడటానికి గది కావాలి. అధ్యాపకులు కూడా ఇదే శిక్షణ పొంది ఆర్‌సీఐ రిజిస్టరులో ఉన్నవారై ఉండాలి. అధ్యాపకుల సంఖ్యను బట్టి, ఆసుపత్రి వసతిని బట్టి సీట్ల సంఖ్యను మండలి నిర్ణయిస్తుంది. ఆ ఆమోదం సంస్థవారీగా, కోర్సువారీగా, నిర్ణీత కాలానికి మాత్రమే ఉంటుంది.

ఇది వలయంలా తిరుగుతుంది. నమోదిత నిపుణులు లేని జిల్లాలో కోర్సు పెట్టడానికి వీలుండదు. కోర్సు లేని జిల్లా నుంచి చదువుకోవడానికి వెళ్లినవారు శిక్షణ పొందిన నగరంలోనే స్థిరపడతారు, ఎందుకంటే ఉద్యోగాలూ ఫీజు చెల్లించగల రోగులూ అక్కడే ఉన్నారు. జిల్లా మళ్లీ నిపుణులు లేకుండానే మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మానసిక ఆరోగ్య అట్లాసులో భారతదేశంలో లక్ష జనాభాకు సైకాలజిస్టులు 0.07 మంది అని లెక్క ఇచ్చింది, అంటే కోటి మందికి ఏడుగురు. ఆ ఏడుగురు ఎక్కడుంటారన్నది ఆ సగటు చెప్పదు.

ఖర్చు మరో అడ్డు. నిమ్‌హాన్స్ లాంటి కేంద్ర సంస్థల్లో శిక్షణార్థికి స్టైపెండు ఉంటుంది, పోటీ కూడా అంతే తీవ్రంగా ఉంటుంది. ప్రైవేటు సంస్థల్లో ఫీజు లక్షల్లో ఉంటుంది. పూర్తికాల కోర్సు కాబట్టి ఆ రెండేళ్లూ పక్కన ఉద్యోగం చేసుకోవడానికి వీలుండదు. పీజీ అయిపోయాక ఇంటికి సంపాదన తేవాల్సిన కుటుంబాల పిల్లలకు ఈ దారి అక్కడే మూసుకుపోతుంది. వైద్యంలో పీజీ చేసే జూనియర్ డాక్టరు అదే వార్డులో స్టైపెండు తీసుకుంటూ పనిచేస్తుంటే, పక్కనే ప్రైవేటు కోర్సు సైకాలజీ శిక్షణార్థి డబ్బు కట్టి పనిచేయడంలో ఉన్న అసమానత విధాన రూపకర్తల దృష్టికి పెద్దగా వచ్చినట్టు లేదు.

బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజీ శిక్షణ మూడేళ్ల డాక్టరేటు. శిక్షణార్థులు జాతీయ ఆరోగ్య సేవ ఉద్యోగులుగా జీతం తీసుకుంటూ చదువుతారు. అమెరికాలో డాక్టరేటు, ఇంటర్న్‌షిప్, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి, కాలం ఎక్కువ. శిక్షణార్థి చేసే పనిని ఆసుపత్రి పనిగా లెక్కించి జీతమివ్వడమన్న బ్రిటన్ సూత్రం మన పరిస్థితికి ఎక్కువ పనికొస్తుంది.

వరంగల్ చుట్టూ లెక్క

వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రికి పాత ఉమ్మడి వరంగల్ జిల్లా ఒక్కటే కాదు, గోదావరి ఒడ్డు దాకా, కొంతమేర కరీంనగర్, ఖమ్మం వైపు నుంచి కూడా రోగులు వస్తారు. 1997–98లో పొగాకు లద్దెపురుగు పత్తిని తుడిచిపెట్టినప్పుడు రైతు ఆత్మహత్యలతో దేశమంతా వరంగల్ పేరు విన్నది. సిరిసిల్ల నేత కార్మికుల కష్టాలు, సింగరేణి ఊళ్లలో షిఫ్టు పనుల ఒత్తిడి, ఇంటర్ ఫలితాల రోజుల్లో పిల్లల మీద పడే భారం ఈ ప్రాంతానికి పరిచితమైనవే. ఆత్మహత్యాయత్నం నుంచి బతికి బయటపడిన మనిషికి శరీర వైద్యం ముగిసి డిశ్చార్జి రాసే రోజున, అప్పులవాళ్లు, పంట, ఇల్లు అన్నీ అలాగే ఉన్న చోటికే తిరిగి వెళ్తాడు. ఆ రోజుకూ, మొదటి నెలకూ మధ్య ఎవరైనా రెండు మూడుసార్లు కూర్చుని మాట్లాడాలి. అందుకు ఓపీ చూసే సైకియాట్రిస్టుకు సమయం చాలదు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ (14416) ఫోన్‌లో అండ ఇవ్వగలదుగానీ వారం వారం జరిగే థెరపీకి అది బదులు కాదు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015–16) చికిత్స అవసరమైనవారిలో రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి అది అందడం లేదని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు.

సరఫరా వైపు చూస్తే, ఈ శిక్షణ కోసం వరంగల్ విద్యార్థి సాధారణంగా చూసేది సికింద్రాబాద్ వైపు, లేదా బెంగళూరు, రాంచీ వైపు. ఆరోగ్య విశ్వవిద్యాలయం కేంద్రం వరంగల్‌లోనే ఉంది, కాకతీయ వైద్య కళాశాల 1959 నుంచి ఉంది, సైకియాట్రీ విభాగం ఉంది. ఇటీవల పరిస్థితి ఇంకా మారింది. 2022లో మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం. 2023లో కరీంనగర్, కామారెడ్డి, భూపాలపల్లి, జనగామ, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. 2024లో ములుగు, నర్సంపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటికి అనుబంధంగా పడకలున్న ఆసుపత్రులు, సైకియాట్రీ విభాగాలు ఉండాలి. పుస్తకం చెప్పే రోగులు, ఓపీ, వార్డు, వీటిలో దేనికీ ఇక కొరత లేదు. లేనిది పర్యవేక్షకుడే.

ఈ ముడిని విప్పడానికి కొత్త భవనం అక్కర్లేదు. పెద్ద ఆసుపత్రిలో ఇద్దరు ముగ్గురు నమోదిత క్లినికల్ సైకాలజిస్టులకు శాశ్వత అధ్యాపక పోస్టులు ఇచ్చి, వారి చుట్టూ కోర్సు నిర్మించడం ఒక పద్ధతి. హైదరాబాద్‌లోని శిక్షణ సంస్థలు తమ శిక్షణార్థులను కొన్ని నెలల పాటు జిల్లా ఆసుపత్రులకు పంపి, పర్యవేక్షకుడు వారానికో రోజు రావడం రెండో పద్ధతి. ఇందులో ఖర్చు తక్కువగానీ పర్యవేక్షణ పలుచబడే ప్రమాదం ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకాలజిస్టు పోస్టు ఉంటుంది. ఆ పోస్టు ఏడాదికోసారి పొడిగించే ఒప్పంద ఉద్యోగంగా ఉన్నంత కాలం నమోదున్నవారు అందులో నిలవరని, నిలవనివారు ఎవరికీ శిక్షణ ఇవ్వలేరని విడిగా చెప్పనక్కర్లేదు.

చేరబోయేవారు చూసుకోవలసినవి

కోర్సు పేరును కాక, ఫలానా సంస్థ, ఫలానా కోర్సు, ఫలానా విద్యా సంవత్సరానికి ఆర్‌సీఐ ఆమోదిత జాబితాలో ఉందా అన్నది ఫీజు కట్టే ముందే మండలి వెబ్‌సైటులో చూసుకోవాలి. నిరుడు ఆమోదం ఉన్నంత మాత్రాన ఈ ఏడు ఉంటుందని కాదు. కోర్సు పూర్తయ్యాక రిజిస్టరులో ఏ హోదాలో పేరు చేరుతుంది, పూర్తిస్థాయి క్లినికల్ సైకాలజిస్టుగానా, అసోసియేట్‌గానా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అనుబంధ ఆసుపత్రి ఏది, అక్కడ సైకియాట్రీ పడకలెన్ని, పర్యవేక్షించే అధ్యాపకులు పూర్తికాలం ఉంటారా, లేక తనిఖీల రోజున మాత్రమే కనిపిస్తారా అన్నది సీనియర్లను అడిగితే తెలుస్తుంది. బ్రోచరులో ఇది ఉండదు.

దూరవిద్యలో సైకాలజీ పీజీ చేసి ముందుకు వెళ్దామనుకునేవారు మరో మార్పును గమనించాలి. 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ సహా ఆరోగ్య, అనుబంధ కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపరాదని యూజీసీ ఆదేశించింది. నాణ్యత కోణంలో ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవచ్చు. వార్డు చూడకుండా వచ్చే పట్టాల సంఖ్య తగ్గుతుంది. దాని భారం పడేది మాత్రం రెగ్యులర్ సైకాలజీ పీజీ దగ్గరలో దొరకని జిల్లాల మీద. పెళ్లయ్యాకో, టీచరుగానో స్టాఫ్ నర్సుగానో పనిచేస్తూనో ఇగ్నో లాంటి సంస్థల ద్వారా సైకాలజీ ఎంఏ పూర్తిచేసిన మహిళలు జనగామ, భూపాలపల్లి లాంటి చోట్ల కొందరైనా ఉన్నారు. అంతకు ముందే చేరినవారి పట్టా చెల్లుతుంది. ఇకపై అదే దారి పట్టాలనుకునేవారు ముందు పీజీకి, తర్వాత క్లినికల్ శిక్షణకు, రెండు దఫాలు ఊరు విడిచి వెళ్లాల్సి వస్తుంది. రాష్ట్రం రెగ్యులర్ సైకాలజీ పీజీ సీట్లను ఉత్తర తెలంగాణ జిల్లాల్లో పెంచకపోతే, కొత్త ఎంఏ క్లినికల్ సైకాలజీకి ఈ జిల్లాల నుంచి దరఖాస్తు చేసేవారి సంఖ్య తగ్గడమే రాబోయే రెండు మూడేళ్లలో మొదట కనిపించే ఫలితం కావచ్చు.